పదిహేడో గడిలో సరంగు

సరంగు ఇంకా పుస్తకం మీద నుంచి లేవలేదు.

ఇదేదో మాటవరసకి అంటున్నది కాదు. నిజంగానే దాని మీద కూర్చున్నాడు. ఇంటినానుకున్న వలల కొట్లో పాత ఇనపకుర్చీ గోడవైపు తిప్పుకుని, వేటపుస్తకం కింద వేసుకుని, తన ఎనభై కిలోల బరువూ దాని మీద మోపి పొద్దున్న ఆరింటి నుంచి అలాగే ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు పడవ నడిపి, తుఫాన్లకి కూడా జడవని మనిషి! ఇప్పుడు తొమ్మిదయింది. పదిన్నరకి తనిఖీ ఆవిడ వస్తుంది.

"నాన్నా, లే. ఆ పుస్తకం ఇలా ఇవ్వు," అంది కూతురు నాలుగోసారి.

"నాకు నడుం పట్టేసింది."

"ఇందాక మోకాలన్నావు."

"మోకాలు తగ్గింది, నడుం పట్టింది. ఈ వయసులో నొప్పులు అంతే, ఒకచోట ఉండవు."

మూలన వల కుడుతున్న తల్లి తల ఎత్తకుండా దారం పళ్ళతో కొరికింది. నవ్వు వచ్చినప్పుడల్లా ఆవిడకి దారం కొరకాల్సిన పని పడుతుంది.

మొన్నటిదాకా ఉప్పూ నిప్పూగా ఉన్న సముద్ర రక్షణ సంఘం, చేపల కంపెనీ ఈ ఏడాదే ఒక బల్ల దగ్గర కూర్చున్నాయి. సముద్రం ఖాళీ అవకుండా పట్టిన చేప అని తేలితే డబ్బా మీద నీలం ముద్ర వేస్తారు. ఆ ముద్ర ఉంటేనే కొంటామని పెద్ద దుకాణాలవాళ్ళు పట్టుబట్టారు. అందుకని రేవులో ఉన్న పన్నెండు పడవలూ ఎప్పుడు, ఎక్కడ, ఏం పట్టాయో పుస్తకంలో ఉన్నదున్నట్టు రాయాలి. ఒక్క పడవ అబద్ధం రాసినా పన్నెండింటికీ ముద్ర పోతుంది. "మావాళ్ళు అబద్ధం రాయరు" అని ఆ పన్నెండు పడవల తరఫునా హామీ సంతకం పెట్టింది సంఘంలో పనిచేసే ఈ కూతురే.

పొద్దున్నే ఆ పుస్తకం సర్దిపెడదామని తెరిచింది. సముద్రపటం మీద ఇరవై గళ్ళుంటాయి. ఏ గడిలో వల వేస్తే ఆ నంబరు రాయాలి. మొదటి పేజీలో పదిహేడు ఉంది. రెండో పేజీలోనూ పదిహేడే. పది నెలల పొడుగునా, పైనుంచి కిందిదాకా, గుండ్రటి అంకెల్లో ఎక్కడ చూసినా పదిహేడు. ఇదేంటని అడగ్గానే సరంగు గట్టిగా అరిచి, పుస్తకం లాక్కుని దాని మీద కూర్చున్నాడు.

పదిహేడో గడి చేపపిల్లలు పెరిగే చోటు. అక్కడ ఎవ్వరూ వల వేయకూడదు. ఆ సంగతి చెప్పే పోస్టరు ఈ ఇంటి ముందుగోడ మీదే ఉంది. దాన్ని అంటించింది కూడా ఈ పిల్లే.

"సరే, లేవకు. ఒక్కటి చెప్పు. నిజంగా పదిహేడులో వల వేశావా?"

"ఛీ ఛీ! పిల్లచేపల్ని పట్టుకునే వెధవలా కనిపిస్తున్నానా నీ కళ్ళకి?"

"మరి పదిహేడని ఎందుకు రాశావు?"

సరంగు గోడకేసి చూస్తూ గడ్డం గోక్కున్నాడు. "ఏదో ఒక నంబరు రాయాలిగా. రోజూ గుమ్మం దాటుతుంటే ఎదురుగా కనిపించేది అదే. ఎర్రరంగుతో ఇంత లావున రాసిపెట్టావు. పైగా అక్కడికి ఎవరూ వెళ్ళరు. ఎవరూ వెళ్ళని చోటు రాస్తే ఎవడూ నా వెనకాల రాడు."

"ఎందుకు వెళ్ళరో దాని కిందే రాసుంది నాన్నా!"

"ఆ సన్నక్షరాలు నాకెక్కడ కనిపిస్తాయే?"

కూతురు తల పట్టుకుంది. "పోనీ, నిజం నంబరు రాస్తే ఏం పోయేది?"

ఆ మాటకి సరంగు కుర్చీతో సహా ఇటు తిరిగాడు. పుస్తకం మాత్రం కదల్లేదు. "ఏం పోయేదా? మా నాన్న పోయేముందు నన్ను దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాడు ఆ చోటు. 'పెళ్ళానికి కూడా చెప్పకురా' అన్నాడు. చెప్పలేదు. కావాలంటే మీ అమ్మని అడుగు."

"చెప్పలేదమ్మా," అంది తల్లి. "పాపం, మాట మీద నిలబడ్డారు."

"విన్నావా? కట్టుకున్నదానికే చెప్పనివాణ్ణి. ఇప్పుడు పుస్తకంలో రాసి, ఆ పుస్తకం పదకొండు పడవలవాళ్ళూ చదివి, అందులో మీ మావయ్య కూడా చదివి..." మావయ్య అనగానే ఆయన పుస్తకం మీద ఇంకాస్త బిగించి కూర్చున్నాడు. "పుస్తకం సముద్రంలో పడిపోయిందని చెప్పెయ్. పడవన్నాక పడతాయి. క్రితం ఏడు స్టవ్వే పడిపోయింది."

కూతురు వలల కుప్ప మీద కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు కూడా.

"రెండేళ్ళ క్రితం నేను కంపెనీ గేటు ముందు పడుకుంటే ఊరంతా నవ్వింది. నువ్వొక్కడివే ఫ్లాస్కులో టీ తెచ్చావు. 'నా కూతురు అబద్ధానికి పడుకోదు' అని ఆ వాచ్‌మన్‌తో గొడవపడ్డావు. నిన్ను చూసుకునే నాన్నా, కళ్ళు మూసుకుని సంతకం పెట్టాను. ఇప్పుడు సముద్రంలో పడిందని నేనే అబద్ధం చెప్పాలా?"

సరంగు నడుం నొప్పి ఎటుపోయిందో తెలియదు. ఇప్పుడు ఆయనకి నిజంగానే ఎక్కడో నొప్పిగా ఉంది.

బయట కారు ఆగింది. వచ్చింది కంపెనీ మేనేజరు. ముద్ర పని మొదలైన దగ్గర్నుంచి ఈయనకి నిద్ర తక్కువ, మాటలు ఎక్కువ. వస్తూనే గుమ్మం తగిలి తూలాడు.

"మేడమ్, అంతా సిద్ధమేనా? వచ్చే సోమవారం నీలం ముద్రతో మొదటి లోడు వెళ్ళాలి. డబ్బాలు కూడా అచ్చయిపోయాయి. ముద్రతో సహా!"

"ముద్ర రాకుండానే అచ్చేశారా?"

"మీరు సంతకం పెట్టారు కదా అని వేశాం." మేనేజరు కూతురి కళ్ళు చూశాడు, సరంగుని చూశాడు, సరంగు కింద పుస్తకం అంచు చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. "ఏమైంది?"

చెప్పింది. అంతా విని ఆయన నుదురు తుడుచుకున్నాడు. "మీరు నా గేటు ముందు పడుకున్న రోజులే నయం మేడమ్. అప్పుడు ఒక్క లారీయే ఆగింది."

"పుస్తకం దాచేది లేదు సార్. ఉన్నది ఉన్నట్టు ఆవిడ చేతిలో పెడతాను."

"పెట్టండి. నేను మటుకు ఏం దాచమన్నాను?" అని నుదురు మళ్ళీ తుడుచుకుని, "స్టవ్వు పడిపోయిందని ఎవరో అన్నట్టు వినిపించింది, అంతే," అన్నాడు.

అప్పుడే సందు చివర్నుంచి ఒక గొంతు వినిపించింది. మనిషి కనిపించడానికి ఇంకా ఒక నిమిషం పడుతుంది. సరంగు బావమరిది ఆయన. సొంత పడవ ఉంది, దానికంటే పెద్ద గొంతు ఉంది. రేవులో అందరూ మైకు అంటారు.

"బావా! పదిహేడులో వేస్తున్నావట! కూతురు పోస్టరు అంటిస్తుంది, తండ్రి అక్కడే వల వేస్తాడు. ఏం ఇల్లురా నాయనా!"

"వీడికెవరు చెప్పారు?" సరంగు పళ్ళు నూరాడు.

"నువ్వే చెప్పావు బావా. పొద్దున్న నువ్వు అరిచిన అరుపులు ఐస్ ఫ్యాక్టరీ దాకా వినబడ్డాయి," అని మైకు గుమ్మంలోనే నిలబడ్డాడు. బావ తన్నులు తినే రోజున బావమరిది ఇంట్లో ఎలా కూర్చుంటాడు?

వెనకాలే తనిఖీ ఆవిడ వచ్చింది. పొట్టిగా, నెమ్మదిగా, కొత్త రబ్బరు బూట్లతో. అటు సంఘం మనిషీ కాదు, ఇటు కంపెనీ మనిషీ కాదు. అందుకే ఇద్దరికీ ఆవిడంటే భయం. కూతురు ఎదురెళ్ళింది.

"అమ్మా, మీరు పుస్తకం చూసేముందు నేనే చెప్తాను. మా నాన్న పది నెలలు తప్పు నంబరు రాశారు. హామీ సంతకం నాది. తప్పు నాది కూడా."

సరంగు లేచాడు. ఎవరూ లేపకుండానే లేచాడు. బరువుకి చదునైపోయిన పుస్తకాన్ని రెండు చేతులతో తీసి తనిఖీ ఆవిడకి ఇచ్చాడు. "పిల్లదేం లేదు. రాసింది నేను," అన్నాడు.

ఆవిడ పేజీలు తిప్పింది. అన్నీ తిప్పింది. కొట్లో సూది వలలో దూరే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"పదిహేడు నిజమైతే నేరం," అంది చివరికి. "నిజం కాకపోతే అబద్ధపు పుస్తకం. అసలు చోటు చెప్పి, దానికి రుజువు చూపిస్తే దిద్దుబాటు రాసుకోవచ్చు. అది కూడా ఇవాళే."

"మీకొక్కరికే చెవిలో చెప్తాను," అన్నాడు సరంగు.

"కుదరదండీ. దిద్దుబాటు మీద తోటి పడవవాళ్ళు సాక్షి సంతకం పెట్టాలి."

"నేనున్నాగా!" అని మైకు జేబులోంచి పెన్ను తీశాడు. అంత ఆనందం అతని ముఖంలో పెళ్ళినాడు కూడా ఎవరూ చూడలేదు.

సరంగు కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూశాడు. ఒకపక్క తండ్రి చెవిలో చెప్పిన మాట. ఒకపక్క కూతురి సంతకం. వెనక పదకొండు పడవలు, వాటి మీద బతికే ఇళ్ళు. మధ్యలో పెన్ను పట్టుకుని పళ్ళికిలిస్తున్న బావమరిది. ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. ఆ పిల్ల బతిమాలడం లేదు, తలదించుకుని నిలబడింది. అది ఆయన తట్టుకోలేకపోయాడు.

"తొమ్మిది," అన్నాడు. "తొమ్మిదో గడి. నల్లరాయి దాటాక, నీళ్ళ రంగు మారే చోట. నాన్నా, నన్ను క్షమించు."

మైకు చేతిలో పెన్ను కిందపడింది.

"తొమ్మిదా? తొమ్మిది నాది!"

"నీదేంటిరా?"

"పదకొండేళ్ళ నుంచి నేను వేస్తున్నాను అక్కడ! నేను కనిపెట్టిన చోటది!"

"మా నాన్న చూపించిన చోటు నువ్వు కనిపెట్టడమేంట్రా, దొంగవెధవా!"

"ఎవరు బావా దొంగ? నువ్వు పదిహేడని రాశావుగా!"

తనిఖీ ఆవిడ సంచిలోంచి ఇంకో పుస్తకం తీసింది. "మీ పుస్తకంలో ఒకటో గడి అని ఉందండీ," అంది మైకుతో. "ఒకటో గడి అంటే రేవు. కట్టేసిన పడవలోంచి పది నెలలు ఇంత చేప ఎలా పట్టారో మిమ్మల్ని అడుగుదామనే వచ్చాను."

అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ! మేనేజరు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. మైకు గొంతు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తగ్గింది.

"ఒకటి మొదటి నంబరు కదా అని రాశానండీ," అన్నాడు.

కూతురికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అంతలో ఆమెకో అనుమానం తట్టింది. "ఆగండి. పదకొండేళ్ళు ఇద్దరూ ఒకేచోట వల వేస్తే, ఒక్కరోజు కూడా ఎదురుపడలేదా?"

బావాబావమరుదులు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"లేదే," అన్నాడు సరంగు. "నేను వెళ్ళినప్పుడు ఎవరూ ఉండరు."

"నేను వెళ్ళినప్పుడూ అంతే," అన్నాడు మైకు.

సూది చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి అందరూ మూలకి తిరిగారు.

తల్లి వల పక్కన పెట్టి, ఒళ్ళోని దారప్పోగులు దులుపుకుంది. "తొమ్మిదో, పదో, మీ నంబర్లు నాకు తెలీవు," అంది. "నల్లబురద తెలుసు. ఎర్రచిప్ప ముక్కలు తెలుసు. ఆ చిప్పలకి, అడుక్కి దిగే బరువు వల చిరక్కుండా ఉండదు. ఆయన వలా చిరుగుతుంది, వీడి వలా చిరుగుతుంది. ఇద్దరివీ కుట్టేది నేనేగా. మొదటి ఏడాదే తెలిసిపోయింది, ఇద్దరూ ఒకే చోటికి పోతున్నారని."

"మరి చెప్పలేదేం?" అని అరిచాడు సరంగు.

"చెప్తే తన్నుకునేవాళ్ళు. అందుకని ఒకరి వల ఇచ్చినప్పుడు రెండోది కుట్టలేదనేదాన్ని."

మైకు నోరు వెళ్ళబెట్టాడు. "అక్కా! వేలికి సూది గుచ్చుకుందని వారానికోసారి చెప్పేదానివి!"

"మరి గుచ్చుకుంటుందిరా, సూదేగా."

"మరి ఏటా దారం దొరకట్లేదని ఆరువారాలు ఇద్దరికీ వల ఇవ్వవుగా?" అన్నాడు సరంగు. "నేను ఆ దారం కోసం పక్కూరి దాకా సైకిలు తొక్కాను!"

"అప్పుడు వలలో పడే చేపలన్నీ కడుపు నిండా గుడ్లతో ఉంటాయి. వాటిని కోస్తుంటే నాకు చేతులాడేవి కావు." ఆవిడ గోడకి ఉన్న మేకు చూపించింది. దానికి ఒకదాని మీద ఒకటి పదకొండు క్యాలెండర్లు వేలాడుతున్నాయి. "సున్నా ఉంటే ఆయన రోజు. గీత ఉంటే తమ్ముడి రోజు. ఏమీ లేకపోతే దారం దొరకని రోజులు."

"అవి గ్యాస్ బండ వచ్చిన గుర్తులన్నావు!"

"గ్యాస్ బండ రోజు మార్చి రోజు వస్తుందాండీ? మీరు అడగలేదు, నేను చెప్పలేదు. చోటు సంగతి మీరు నాకు చెప్పారా? చెల్లుకు చెల్లు."

తనిఖీ ఆవిడ అప్పటికే క్యాలెండర్లు మేకు నుంచి దించి నేలమీద పరిచేసింది. కూతురు మోకాళ్ళ మీద వంగి చూస్తోంది.

"అమ్మా, తొమ్మిదో గడిలో చేప ఎందుకు పెరుగుతోందో మూడేళ్ళుగా మా సంఘం సర్వేకి అంతుపట్టలేదు. మావాళ్ళు నీటి ప్రవాహం అని రిపోర్టు కూడా రాశారు," అంది కూతురు.

"ప్రవాహమా? మీవాళ్ళ బొంద! నా దారం."

మేనేజరుకి ప్రాణం లేచొచ్చింది. "ఇదే రుజువు! దీన్ని మించిన రుజువేముంది? ఈ క్యాలెండర్లకి తోడు అమ్మగారి సంతకం పెట్టిస్తే సోమవారం లోడు వెళ్ళిపోతుంది!"

"రేపట్నించి దారం దొరకదు బాబూ," అంది తల్లి.

"అంటే?"

"గుడ్ల రోజులు. ఆరువారాలు."

మేనేజరు తనిఖీ ఆవిడ వైపు చూశాడు. ఆవిడ అంతేనన్నట్టు తలూపింది. తల్లి సంతకం పెడితే ముద్ర వస్తుంది, కానీ ఆరువారాలు తొమ్మిదో గడి చేప రాదు. పెట్టకపోతే ఆ చేప వస్తుంది, ముద్ర రాదు. మేనేజరు సరంగు ఖాళీ చేసిన ఇనపకుర్చీలో మెల్లగా కూర్చున్నాడు.

"మీరు చెప్పండి సార్ మీ ఆవిడకి. మూడు వారాలకి ఒప్పించండి," అన్నాడు నీరసంగా.

"నేనా?" సరంగు నవ్వాడు. పొద్దుట్నించి ఆయన నవ్వడం ఇదే. "పదకొండేళ్ళుగా ఆవిడ పంపిన రోజే నేను వేటకెళ్ళానని నాకు ఇప్పుడే తెలిసింది. నేనేం చెప్తానండీ!"

తనిఖీ ఆవిడ కాగితం తీసి, తొమ్మిదో గడి బాధ్యురాలు అని పైన రాసి, కింద సంతకం చోటు చూపించి పెన్ను ఇచ్చింది. తల్లి పెన్ను తీసుకుంది. కాగితం మీద ఉన్న సముద్రపటాన్ని చాలాసేపు చూసింది. తొమ్మిదో గడి మీద వేలు పెట్టింది. ఆ వేలి నిండా సూదిపోట్లు.

పెన్ను మూత పెట్టేసింది.

"నేను పెట్టను."

"ఏమేవ్!" అన్నాడు సరంగు. "అక్కా!" అన్నాడు మైకు. "అమ్మా..." అంది కూతురు.

"ఆ బురద తెలుసు. ఆ చిప్ప తెలుసు. ఆ చోటు మాత్రం ఎలా ఉంటుందో నాకు తెలీదు. ముప్ఫై ఏళ్ళు పడవ నడిపారు, ఒక్కసారి ఎక్కమన్నారా నన్ను?" ఆవిడ గొంతు పెంచలేదు, కానీ సరంగు చూపు దించుకున్నాడు. "చూడని చోటుకి సంతకం పెడితే మీరు రాసిన పదిహేడుకీ, నేను రాసేదానికీ తేడా ఏముంది? తీసుకెళ్ళి చూపించండి. నీళ్ళ రంగు మారుతుందన్నారే, అది చూస్తాను. చూసి పెడతాను."

 సరంగు భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు, ముఖం మీద చెమట లేకపోయినా.

"పద," అన్నాడు. "ఇప్పుడే పద. వల వద్దు. పడవ కడిగే ఉంది."

"నీ పడవ ఇంజను దారిలో ఆగిపోతుంది బావా," అన్నాడు మైకు. "అక్క నా పడవలో వస్తుంది."

"నా పెళ్ళాం నీ పడవెక్కడమేంట్రా?"

"నా తోడబుట్టింది నీ డొక్కుపడవలో మునిగిపోవాలా?"

తల్లి వాళ్ళ గొడవ వినడం లేదు. రెండు బరువు వలలూ మూలనున్న పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. చెప్పులు తొడుక్కుని, కొంగు నడుముకి బిగించి, తనిఖీ ఆవిడ కొత్త బూట్లకేసి ఒకసారి చూసి, "మీరూ రండి," అంది. ఇద్దరూ సందులోంచి రేవు వైపు నడిచారు.

రేవులో రెండు పడవలూ పక్కపక్కనే కట్టి ఉన్నాయి. ఆవిడ రెండింటి మధ్యా ఆగి, ఒకసారి అటూ ఒకసారి ఇటూ చూసింది. వెనకాల సరంగూ మైకూ ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తుకొస్తున్నారు. ఆవిడ చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని, ఒక కాలు పైకెత్తింది.